అట్ట మీద ఆరుగురు, తెర మీద అయిదుగురు



సంగీతం మీద ప్రసంగం అనగానే మీలో చాలామంది త్యాగరాజ కీర్తనల గురించో, ఘంటసాల గారి గురించో అనుకుని ఉంటారు. ఇవాళ్టి విషయం ర్యాప్. భయపడకండి, పాటలేవీ వినిపించను. ఇంటిల్లిపాదీ కూర్చుని వినదగ్గవి కూడా కావు. పాడిన ఆరుగురిలో ఎవరి పేరు మిగిలింది, ఎవరి పేరు పోయింది, అందులో ఒక సినిమా చెయ్యి ఎంత ఉంది అన్నది చెప్పుకుందాం.

మేముండేది దక్షిణ కాలిఫోర్నియాలో. ఆర్టీషియాలో పయొనీర్ బులవార్డు మీద వారానికి సరిపడా కూరగాయలు, కరివేపాకు కొనుక్కుని 91 ఫ్రీవే ఎక్కి పడమరకి పోతే, ట్రాఫిక్ కరుణిస్తే, పావుగంటలో కాంప్టన్ వస్తుంది. మనలో చాలామంది ఎగ్జిట్ బోర్డు చూడటమే గాని అక్కడ దిగం. ఆ ఊళ్ళో 1987లో ఒక బృందం పుట్టింది. పేరు ఎన్.డబ్ల్యు.ఏ. ఆ మూడక్షరాల పూర్తి రూపం కుటుంబాలు వినే రేడియోలో పలికేది కాదు, వదిలేద్దాం. 1988లో వాళ్ళు తెచ్చిన ‘స్ట్రెయిట్ ఔటా కాంప్టన్’ ఆల్బం దేశాన్ని కుదిపేసింది. నల్లవాళ్ళ పేటల్లో పోలీసుల జులుం గురించి అందులో ఒక పాట ఉంది. దాన్ని చూసి 1989లో ఎఫ్.బి.ఐ. అధికారి ఒకాయన రికార్డు కంపెనీకి ఉత్తరం రాశాడు. అదే ఆల్బంని 2017లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చుకున్నారు. ప్రభుత్వం ఒక చేత్తో మందలించింది, ఇంకో చేత్తో బీరువాలో భద్రంగా పెట్టుకుంది.

ఈ కథ మీదే 2015 ఆగస్టులో ఆల్బం పేరుతోనే సినిమా వచ్చింది. ఎఫ్. గ్యారీ గ్రే దర్శకుడు. ప్రపంచం మొత్తం మీద 20 కోట్ల డాలర్ల పైన వసూలు చేసింది. తొంభైలలోనో, 2000 తర్వాతో ఈ దేశానికి వచ్చిన మనలాంటి వాళ్ళకీ, ఇక్కడ పుట్టిన మన పిల్లలకీ ఎన్.డబ్ల్యు.ఏ. చరిత్ర అంటే ఇప్పుడు ఈ సినిమాయే. ఈమధ్య ఒక విందులో స్నేహితుల అబ్బాయి, లెవెన్త్ గ్రేడు, నాతో గట్టిగా వాదించాడు. “వాళ్ళు ముగ్గురే కదా అంకుల్, ఐస్ క్యూబ్, డాక్టర్ డ్రే, ఈజీ-ఈ. మిగతావాళ్ళు బ్యాకప్.” సినిమా చూసినవాడు ఎవడైనా అలాగే అంటాడు. తప్పు ఆ అబ్బాయిది కాదు.

ఆల్బం అట్ట చూడండి. కింద పడి ఉన్నవాడు పైకి చూస్తే ఎలా కనిపిస్తుందో అలా తీసిన ఫోటో అది. చుట్టూ నిలబడి కిందకి చూస్తున్న తలలు ఆరు. ఈజీ-ఈ, డాక్టర్ డ్రే, ఐస్ క్యూబ్, డీజే యెల్లా, ఎంసీ రెన్, అరేబియన్ ప్రిన్స్. సినిమాలో బృందం అయిదుగురు. అందులోనూ కథ ఉన్నది ముగ్గురికే.

ముందు రెన్ సంగతి. అసలు పేరు లొరెంజో ప్యాటర్సన్. ఈజీ-ఈ నడిపిన రూత్‌లెస్ రికార్డ్స్ కంపెనీలో 1987లో అడుగు పెట్టేనాటికి పద్ధెనిమిదేళ్ళ కుర్రాడు. ఆరుగురిలో ఆఖర్న చేరినవాడు. ఈజీ-ఈకి గొంతు ఉంది, వ్యాపారం తెలుసు, కాని అతను రచయిత కాదు. 1988లో అతని సొంత ఆల్బం వచ్చినప్పుడు మాటలు రాసిపెట్టింది ప్రధానంగా రెన్, ఐస్ క్యూబ్, డల్లాస్ నుంచి వచ్చిన డి.ఓ.సి. అనే ఇంకొకతను. ఇక బృందం ఆల్బం తీసుకోండి. పేరు మోసిన మొదటి పాటలో మూడు భాగాలుంటే మొదటిది ఐస్ క్యూబ్‌ది, రెండోది రెన్‌ది, మూడోది ఈజీ-ఈది. పోలీసుల మీది పాటా అదే వరస. అది కోర్టు విచారణలా నడుస్తుంది. డ్రే జడ్జి, మిగతా ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వాంగ్మూలం చెబుతారు. అవి కాక రెన్ ఒక్కడే పాడినవి ఆ ఆల్బంలో రెండున్నాయి. బ్యాకప్ మనిషికి ఎవరైనా రెండు పూర్తి పాటలు ఇస్తారా?

1989 చివర్లో ఐస్ క్యూబ్ డబ్బు లెక్కల దగ్గర తేడా వచ్చి వెళ్ళిపోయాడు. అతనే రాసేవాడు, ఇక వీళ్ళ పని అయిపోయింది అనుకున్నారు. 1991లో తర్వాతి ఆల్బం వచ్చి బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. రాతపనిలో పెద్ద బరువు మోసింది రెన్, డి.ఓ.సి.లే. 1992లో రెన్ సొంతంగా తెచ్చిన చిన్న రికార్డు ప్లాటినం అయింది, అంటే పది లక్షల కాపీలు. ఇవన్నీ రికార్డుల వెనక అచ్చయి ఉన్న సంగతులే, ఎవరూ దాచలేదు.

మరి సినిమాలో రెన్ ఏం చేస్తాడు? ఆల్డిస్ హాడ్జ్ అనే మంచి నటుడు ఆ వేషం వేశాడు. గదిలో ఉంటాడు, వేదిక మీద ఉంటాడు, అప్పుడప్పుడు ఒక మాట అంటాడు. అతను రాయడం మాత్రం మనకి ఎక్కడా గుర్తుండేలా కనిపించదు. ఐస్ క్యూబ్ నోటు పుస్తకంతో బస్సులో కూర్చుని రాస్తాడు, డ్రే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. ప్రతిభ అంటే ఇదీ అని తెర మనకి చూపించేది వాళ్ళిద్దరిలోనే. డీజే యెల్లా మరీ అన్యాయం. రెండు ఆల్బంలకీ డ్రేతో సమానంగా నిర్మాతగా పేరున్న మనిషి ఇక్కడ నవ్వించడానికి పనికొచ్చాడు.

బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు కదా. నాజర్ గారి పేరు మనందరికీ తెలుసు, ఆయన పక్కన డక్కీ వాయించి వంత పాడినవాళ్ళ పేర్లు ఎంతమందిమి చెప్పగలం? అది వేరే బాధ. అక్కడ కథకుడి పని ఏదో, వంత పని ఏదో చూసేవాడికి తెలుసు. ఇక్కడ కథకుల్లో ఒకణ్ణి తీసుకెళ్ళి వంత స్థానంలో నిలబెట్టారు.

ఇలా ఎందుకయిందో తెలియాలంటే నిర్మాతల పేర్లు చదవాలి. ఐస్ క్యూబ్ ఒక నిర్మాత. డాక్టర్ డ్రే ఒక నిర్మాత. 1995 మార్చిలో ఎయిడ్స్‌తో చనిపోయిన ఈజీ-ఈ తరఫున ఆయన భార్య టొమికా వుడ్స్-రైట్ ఇంకో నిర్మాత. రెన్, యెల్లా సలహాదారులు. అరేబియన్ ప్రిన్స్ ఏమీ కాడు. ఇప్పుడు తెర మీద ఎవరికి ఎంత చోటు దొరికిందో గుర్తు తెచ్చుకోండి. ముగ్గురు నిర్మాతల పక్షాన ముగ్గురు నాయకులు, ఇద్దరు సలహాదారులకి ఇద్దరు పక్క వేషాలు, ఏమీ కానివాడికి ఏమీ లేదు. నేను పదేళ్ళుగా చేస్తున్నది కన్సల్టెంటు ఉద్యోగమే కాబట్టి ఆ మాటకి అర్థం నాకు వేరే చెప్పక్కర్లేదు. సలహా వినయంగా అడుగుతారు, శ్రద్ధగా రాసుకుంటారు, తర్వాత వాళ్ళు చేసేది వాళ్ళు చేస్తారు.

దీని వెనక చట్టం కూడా ఉంది. అమెరికాలో ప్రముఖుల జీవితం మీద సినిమా తియ్యడానికి చాలావరకు వాళ్ళ అనుమతి అక్కర్లేదు. వాళ్ళ పాట వాడాలంటే మాత్రం హక్కుదారు సంతకం కావాలి. పాటలు లేని సంగీతకారుడి సినిమా ఉప్పులేని పప్పు, ఎవరూ ముట్టరు. కాబట్టి హక్కులు ఎవరి చేతిలో ఉంటే కథ వాళ్ళ ఇంటి నుంచే మొదలవుతుంది. రూత్‌లెస్ కంపెనీ ఈజీ-ఈ తర్వాత ఆయన భార్య చేతికి వచ్చింది. ఆవిడని కాదని ఈ సినిమా లేదు. దర్శకుడు గ్రే కూడా బయటివాడు కాదు. 1993లో ఐస్ క్యూబ్ పాటకి వీడియో, 1995లో ఐస్ క్యూబ్‌తో ‘ఫ్రైడే’ సినిమా తీసినవాడు. ఐస్ క్యూబ్ వేషం వేసింది సాక్షాత్తూ అతని కొడుకు. మనవాళ్ళేం తక్కువ తినలేదు లెండి. 2019లో ఎన్.టి. రామారావు గారి జీవితం రెండు భాగాలుగా వస్తే నిర్మాతల్లో ఒకరు బాలకృష్ణ గారు, తండ్రి వేషం వేసిందీ ఆయనే.

సినిమా పక్షాన చెప్పాల్సిన మాట కూడా ఉంది. రెండున్నర గంటల్లో ఆరుగురి జీవితాలు పట్టవు. పైగా తెరకి కావలసింది గొడవ. ఐస్ క్యూబ్ వెళ్ళిపోయాడు, అది కథ. డ్రే వెళ్ళిపోయాడు, అది కథ. ఈజీ-ఈ చిన్న వయసులో చనిపోయాడు, అది కన్నీళ్ళు పెట్టించే కథ. రెన్ చివరిదాకా ఉండి రాసుకుంటూ పోయాడు. ఉన్నవాడితో సీను ఎలా రాస్తారు? ఊ-ట్యాంగ్ క్లాన్ అని న్యూయార్కు బృందం ఒకటుంది, మొదట్లో తొమ్మిదిమంది. వాళ్ళ కథని 2019 నుంచి 2023 దాకా మూడు సీజన్ల సీరియల్‌గా తీశారు. అంత వ్యవధి ఉంటే పక్కవాళ్ళకి కూడా ఇల్లూ వాకిలీ చూపించవచ్చు. సినిమాకి ఆ వెసులుబాటు లేదు. రెన్ విషయంలో నేను ఈ వాదన సగం ఒప్పుకుంటాను.

అరేబియన్ ప్రిన్స్ విషయంలో ఒప్పుకోను. అతని అసలు పేరు కిమ్ నజెల్. బృందం మొదలైనప్పటి నుంచి ఉన్నవాడు, అట్ట మీద ఉన్నవాడు. రూత్‌లెస్ కంపెనీకి తొలినాళ్ళలో పెద్ద పేరు తెచ్చిన పాటల్లో ‘సూపర్‌సోనిక్’ ఒకటి. పాడింది జె.జె. ఫాడ్ అనే ఆడపిల్లల బృందం. దాని తయారీలో ముఖ్యమైన చెయ్యి ఇతనిది. ఆ అమ్మాయిలు గ్రామీ నామినేషను దాకా వెళ్ళారు. ఆ పాట పోలిక 2006లో ఫర్గీ పాడిన హిట్టులో మళ్ళీ వినిపించింది, మీ పిల్లలకి అది తెలిసే ఉంటుంది. వాళ్ళూ సినిమాలో లేరు.

అరేబియన్ ప్రిన్స్ 1988లోనే బృందం వదిలి వెళ్ళాడు. కారణం రాయల్టీలు, కాంట్రాక్టు. అంటే చెయ్యాల్సిన పని చేశాం, లెక్క ఏదీ అని అడిగాడు. ఏడాది తర్వాత ఐస్ క్యూబ్ అడిగింది కూడా అదే. సినిమాకి వెన్నెముక అనదగ్గ ఘట్టం అది. మేనేజరు జెర్రీ హెల్లర్ కాగితాలు ముందు పెట్టడం, ఐస్ క్యూబ్ సంతకం పెట్టననడం, హాల్లో జనం చప్పట్లు. అదే ప్రశ్న ముందుగా అడిగినవాణ్ణి తీసేస్తే రెండోవాడు మొదటివాడవుతాడు. చోటు చాలక పక్కకి జరిపిన మనిషి అని ఇతని గురించి అనలేం. ఒక్క నిమిషం సీను సరిపోయేది, దానివల్ల ఐస్ క్యూబ్ గొప్పతనం కూడా తగ్గేది కాదు.

ఇంకో పేరు కూడా చెప్పాలి. డీ బార్న్స్ అనే టీవీ జర్నలిస్టుని 1991 జనవరిలో డ్రే కొట్టాడు. కేసు నడిచింది, అతను నేరారోపణని ఎదిరించలేదు. సినిమాలో ఆ ఊసే లేదు. ఆవిడ 2015లో దాని గురించి వివరంగా రాసింది. తన టీవీ కార్యక్రమానికి ఒకప్పుడు కెమెరా పట్టిన మనుషుల్లో ఈ సినిమా దర్శకుడు గ్రే ఒకడని కూడా రాసింది. ఆ ఆగస్టులోనే డ్రే తను బాధపెట్టిన ఆడవాళ్ళకి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. సినిమా అప్పటికే హాళ్ళలో ఆడుతోంది.

రెన్ ఊరుకోలేదు. 2015లో ట్రైలర్లలో తనని దాదాపు కనపడకుండా చేశారని, చరిత్రని తిరగరాస్తున్నారని ట్విట్టర్‌లో బాహాటంగానే నిలదీశాడు. ఐస్ క్యూబ్ మీద, డ్రే మీద కాదు అతని కోపం, సినిమా కంపెనీ మీద. అరేబియన్ ప్రిన్స్ తర్వాతి కాలంలో యానిమేషన్, వీడియో గేముల రంగంలో పనిచేశాడు. ఒక రకంగా మన లైనులోకే వచ్చాడన్నమాట. సినిమా వచ్చాక ఇంటర్వ్యూల్లో తన వైపు కథ తను చెప్పుకున్నాడు.

అన్నట్టు, పిల్లలతో కలిసి చూద్దామనుకుంటారేమో, దానికి ఆర్ రేటింగు. ముందు మీరు చూడండి. చూశాక పెద్ద పిల్లల చేత ఆల్బం పాటల వివరాలు వెతికించండి. ఏ పాట ఎవరు రాశారు, ఎవరు పాడారు అన్నది అయిదు నిమిషాల పని, హోంవర్కు కన్నా తేలిక.

2016 ఏప్రిల్ 8న బ్రుక్లిన్‌లో ఎన్.డబ్ల్యు.ఏ.ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. కిస్ బృందానికి చెందిన జీన్ సిమ్మన్స్ అంతకుముందు ర్యాప్ ఎప్పుడు చస్తుందా అని ఎదురుచూస్తున్నట్టు మాట్లాడి ఉన్నాడు. ఆ రాత్రి వేదిక మీంచి అతనికి పేరు పెట్టి జవాబు చెప్పింది ఐస్ క్యూబ్ కాదు, డ్రే కాదు, రెన్. హిప్-హాప్ ఎక్కడికీ పోదు, అలవాటు చేసుకో అన్న ధోరణిలో రెండు ముక్కల్లో తేల్చేశాడు. మర్నాడు పేపర్లన్నీ రాసింది ఆ మాటే. చేర్చుకున్నవాళ్ళ జాబితాలో పేర్లు అయిదు. అరేబియన్ ప్రిన్స్ పేరు అందులోనూ లేదు.