క్లోరోఫారం కమిషన్లు – రోగి స్థానం: హైదరాబాదు వైద్యపరిశోధన చరిత్రలో ఒక పరిశీలన

హైదరాబాదు వైద్యచరిత్రను పరిశోధకుల పేర్లతో చెప్పుకోవడం మనకు అలవాటు. ఆ జ్ఞానం ఎవరి శరీరాల ఆధారంగా ఏర్పడిందన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. పాతబస్తీకి ఎదురుగా, మూసీ ఉత్తరపు ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నేపథ్యంలో ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

1846లో ఏర్పడిన హైదరాబాదు వైద్యపాఠశాలలో తొలినాళ్ల బోధన ఉర్దూలోనే సాగింది. రోగి మాట్లాడే భాషకు వైద్యుడు చదివిన భాష దగ్గరగా ఉండేది. 1880ల నాటికి పాఠశాల బాధ్యత ఎడ్వర్డ్ లారీ చేతికి వచ్చింది. క్లోరోఫారం ఇచ్చేటప్పుడు నాడిని కాదు, శ్వాసను గమనించాలన్నది ఆయన దృఢ విశ్వాసం. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సహాయంతో 1888, 1889లలో రెండు కమిషన్లు పనిచేశాయి. రెండవదానికి లాన్సెట్ పత్రిక లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ను పంపింది. ప్రయోగాలు కుక్కలు, కోతుల వంటి జంతువుల మీద జరిగాయి. లారీ ధీమాకు మాత్రం మూలం వేరు: తన పర్యవేక్షణలో ప్రమాదం లేకుండా మత్తు పొందారని ఆయన చెప్పిన వేలాది మంది. ఆ వాదంలో వారు ఒక సంఖ్య మాత్రమే. కమిషన్ నివేదిక 1891లో బొంబాయిలో, ఇంగ్లీషులో అచ్చయింది. తేలికపాటి క్లోరోఫారం మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోవచ్చని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగాలతో చూపాడు. అంతకుముందు ఆ మత్తు పీల్చినవారికి ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత ఎవరిదని అప్పట్లో ఎవరూ అడిగినట్లు లేదు.

ఇందుకు భిన్నంగా, 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమలతో కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్ పేరు చరిత్రలో నిలిచింది. దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. దీనిని భాగస్వామ్యం అనలేం, బేరం అనవచ్చు. బేరంలోనైనా ఎదుటివాడొకడు ఉంటాడు.

శతాబ్దం గడిచాక అదీ కరువైన సందర్భం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనంలో ఆశ్రమ పాఠశాలల బాలికల తరఫున వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం నిలిచిపోయింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ సంతకాలను తీవ్రంగా తప్పుపట్టింది.

భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి నైతిక మార్గదర్శకాలు సముదాయాలతో సంప్రదింపును పరిశోధనలో భాగంగా చూస్తాయి. పాతబస్తీలో ఆ సంప్రదింపు దక్కనీలో జరగవలసి ఉంటుంది. తెలుగు అంగీకార పత్రాన్ని గ్రాంథిక ఉర్దూలోకి మార్చి ఇచ్చినంత మాత్రాన ఆ పని పూర్తికాదు.