ప్రగతినగర్‌లో సముద్రం

హైదరాబాద్‌కి సముద్రం లేదు. అయినా కూకట్‌పల్లి దాటి ప్రగతినగర్ వైపు వెళ్తే ఒక ఆవరణకు ‘ఓషన్ వ్యాలీ’ అన్న పేరు కనిపిస్తుంది. దేశానికి మూడు వైపులా ఉన్న కడలి రేపు ఎలా ఉంటుందో, అలలు ఎంత ఎత్తున లేస్తాయో చెప్పేది అక్కడి నుంచే. పూర్తి పేరు భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం. అందరూ ఇన్‌కాయిస్ అంటారు. 1999లో పుట్టి పాతికేళ్లు నిండించుకుంది. దాని పేరు చెబితే సునామీ హెచ్చరికల గురించీ చేపల సమాచారం గురించీ అందరూ మాట్లాడతారు. ఆ రెండింటికీ కింద ఉన్న పునాది గురించి, అంటే నలుగురూ కలిసి వాడుకునే లెక్కల యంత్రాల గురించి, నాకు చెప్పాలని ఉంది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. తుపాను వస్తోందని తెలుసు. నీరు ఎంత ఎత్తున, ఏ ఊరిదాకా వస్తుందో లెక్కగట్టి చెప్పేంత శక్తి ఉన్న యంత్రం మాత్రం అప్పటికి మన వాతావరణ శాస్త్రవేత్తల చేతిలో లేదు. మరో పదకొండేళ్లకు, 1988లో, మధ్యకాలిక వాతావరణ అంచనాల కోసం ఢిల్లీలో ఒక జాతీయ కేంద్రం ఏర్పడింది. దానికోసం అమెరికా నుంచి క్రే కంప్యూటర్ తెప్పించారు. మనం అడిగిన మోడల్ ఇవ్వలేదు, ఒకే ప్రాసెసర్ ఉన్న చిన్నది ఇచ్చారు. మన యంత్రం మనమే చేసుకోవాలన్న పట్టుదలతోనే సీ-డాక్ అనే సంస్థ పుట్టి, 1991లో పరమ్ 8000 సూపర్‌కంప్యూటర్ తయారైంది. ఈ కథ చాలామందికి తెలిసిందే.

అంతగా తెలియని మలుపు 2006. ఆ ఏడాది భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ ఏర్పడింది. అంతకుముందు వాతావరణ శాఖ ఒక గొడుగు కింద, సముద్ర పరిశోధన మరో గొడుగు కింద ఉండేవి. అందరినీ ఒకే ఇంటికి చేర్చాక, ప్రతి సంస్థా విడిగా పెద్ద యంత్రం కొనుక్కోవాల్సిన అవసరం తప్పింది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం)లో ఒకటి, నోయిడాకు మారిన మధ్యకాలిక కేంద్రంలో ఒకటి పెట్టి, హైదరాబాద్ సహా అందరూ పంచుకోవాలన్నది ఏర్పాటు. ఆదిత్య, భాస్కర, ఆ తర్వాత 2018లో ప్రత్యూష్, మిహిర్, 2024 సెప్టెంబరు 26న అర్క, అరుణిక వచ్చాయి. అన్నీ సూర్యుణ్ని తలపించే పేర్లే. ప్రత్యూష్, మిహిర్ కలిసి 6.8 పెటాఫ్లాప్‌లు. పెటాఫ్లాప్ అంటే సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలు. అర్క ఒక్కటే 11.77 పెటాఫ్లాప్‌లు, అరుణిక 8.24.

ఇంత శక్తి ఎందుకని అడిగేవాళ్లకు నేను కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ చూపిస్తాను. సముద్రాన్ని లెక్కగట్టాలంటే దాన్ని గళ్లుగా విడగొట్టాలి. ఒక్కో గడిలో నీటి వేడి, ఉప్పదనం, ప్రవాహం ఎంతో లెక్క వేయాలి. హిందూ మహాసముద్రం మొత్తానికి ఇన్‌కాయిస్ వాడిన మోడల్‌లో గడికీ గడికీ మధ్య సుమారు తొమ్మిది కిలోమీటర్లు. హోప్ ఐలాండ్ పొడవైనదే కానీ సన్నని ఇసుక దిబ్బ. తొమ్మిది కిలోమీటర్ల గడిలో దానికి చోటే లేదు. కాకినాడ రేవును అలల పోటు నుంచి కాచే ఆ దిబ్బ లెక్కలో లేకపోతే రేవులో నీరు ఎలా కదులుతుందో ఎట్లా చెబుతాం? ఇలాంటి ఇబ్బందిని తగ్గించడానికే తీరం దగ్గర గడిని రెండుంబావు కిలోమీటర్లకు కుదించారు. గడి దూరం సగం చేస్తే గళ్లు నాలుగింతలవుతాయి, కాలాన్ని కూడా అంత చిన్న ముక్కలుగా కోయాలి కాబట్టి పని ఎనిమిదింతలు. రెండుసార్లు సగం చేస్తే అదే విస్తీర్ణానికి అరవైనాలుగింతలు. ఇది ఏ ఒక్క సంస్థా ఒంటరిగా మోయగల బరువు కాదు.

పంచుకోవడం ఒకవైపే జరగలేదు. హైదరాబాద్ పుణే యంత్రాన్ని వాడుకుంటే, పుణే హైదరాబాద్ లెక్కను వాడుకుంది. రుతుపవనాల మోడల్‌ను నడపాలంటే ఆరోజు సముద్రం ఏ స్థితిలో ఉందో ముందుగా చెప్పాలి. సముద్రంలో ఆర్గో అనే తేలియాడే యంత్రాలూ, లంగరు వేసిన బోయాలూ ఇచ్చిన కొలతల్ని మోడల్‌లో కలిపి, ఆ స్థితిని తయారుచేసి పంపింది ఇన్‌కాయిసే. ఈ ఏడు వానలు ఎలా ఉంటాయోనని పాలమూరు రైతు వినే అంచనా వెనుక ప్రగతినగర్ చేయి ఉంది.

ఒకచోట మాత్రం యంత్రానికి ఉన్న పరిమితిని ముందే గుర్తించి పని చేశారు. అది నాకు మరీ నచ్చిన సంగతి. 2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర భూమి కంపించింది. అల మన ప్రధాన భూభాగం తీరానికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది, కానీ చెప్పేవారు లేరు. 2007 అక్టోబరులో ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. భూకంపం వచ్చాక కూర్చుని లెక్కవేస్తే ఆలస్యమే. అందుకని సుమత్రా వైపూ, అరేబియా సముద్ర తీరంలోని మక్రాన్ వైపూ ఎక్కడ ఎంత తీవ్రతతో కంపిస్తే అల ఎటు ఎంత ఎత్తున వస్తుందో ముందే లెక్కగట్టి దాచిపెట్టారు. కంపించిన నిమిషాల్లో దానికి దగ్గరి లెక్కను వెతికి తీస్తారు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో కంపించినప్పుడు పది నిమిషాల లోపే తొలి ప్రకటన వెళ్లింది.

లెక్క ఎంత గొప్పదైనా అంకెల గుట్టగా మిగిలితే ఎవరికీ పనికిరాదు. దాన్ని కంటికి కనిపించేలా చేయడం వేరే విద్య. సియాటిల్‌లోని సముద్ర పరిశోధనశాలలో తయారైన ఫెరెట్ అనే సాఫ్ట్‌వేర్‌ను మన సముద్ర శాస్త్రవేత్తలు మనం ఇంట్లో అట్లకాడను వాడినంత మామూలుగా వాడతారు. దాని మీదే నడిచే లైవ్ యాక్సెస్ సర్వర్‌ను ఇన్‌కాయిస్ అందరికీ తెరిచింది. 2020 డిసెంబరులో ఇన్‌కాయిస్ వారి ‘డిజిటల్ ఓషన్’ వెబ్ వేదిక వచ్చింది. బంగాళాఖాతంలో ఒక చోటు ఎంచుకుని, పైనుంచి లోతుకు, నిన్నటి నుంచి ఈరోజుకు నీటి వేడి ఎలా మారిందో బ్రౌజర్‌లోనే తిప్పి చూడవచ్చు. విశాఖ జాలరికి ఆ రంగుల పటం అక్కర్లేదు. ఫలానా రేవు నుంచి ఏ దిశలో, ఎన్ని కిలోమీటర్లలో, ఎంత లోతున్న నీటిలో చేప దొరకవచ్చో తెలుగులో ఒక ముక్క చాలు. హార్బర్ బోర్డు మీద అది కనబడుతుంది. దాన్ని చూసి తన బారల లెక్కతో సరిచూసుకుని బోటు తీస్తాడు.

ఈ సంస్థకు తొలి డైరెక్టర్ కె.రాధాకృష్ణన్, తర్వాత ఇస్రోను నడిపారు. ఇంకా వెనక్కి వెళ్తే, 1952లో యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థులకు సముద్రాన్ని కొలవడం నేర్పాడు. ఆ రోజుల్లో కావలసింది ఓడ. ఈరోజు ఓడతో పాటు యంత్రంలో గంటలు కూడా కావాలి. మన విశ్వవిద్యాలయాల పరిశోధకులకు ఆ గంటలు ఇంకా సులువుగా అందడం లేదన్నది నా అభిప్రాయం. మంత్రిత్వ శాఖ తన సంస్థల మధ్య పంచుకున్నట్టే వాల్తేరుకూ ఉస్మానియాకూ ఒక వాటా రాసివ్వాలి. ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ అనే సూపర్‌కంప్యూటర్ ఉంది, దారి కొత్తదేం కాదు.

ఈలోగా చదువుకునే పిల్లలకు ఒక మాట. సముద్ర శాస్త్రం మీద ఆసక్తి ఉంటే ఈరోజే డిజిటల్ ఓషన్ తెరవండి. మీ ఊరికి దగ్గరి తీరాన్ని ఎంచుకోండి, గత అక్టోబరులో నీటి వేడి ఎలా మారిందో గీయండి.