పాత చీర మళ్లీ ఫ్యాషన్ అయింది.. మరి మగ్గం సంగతేంటి?

అమ్మమ్మ బీరువాలో మడతపెట్టి దాచుకున్న నేత చీర ఇప్పుడు మనవరాలి ఇన్‌స్టాగ్రామ్ ఫొటోల్లో కనిపిస్తోంది. రవికకు బదులు చొక్కా తొడుక్కుని, నడుముకు బెల్టు పెట్టుకుని, స్నీకర్లు వేసుకుని చీర కట్టే అమ్మాయిలు కాలేజీల్లో, ఆఫీసుల్లో తారసపడుతున్నారు. అబ్బాయిలు ఇక్కత్ చొక్కాలు, అజ్రఖ్ కుర్తాలు వేస్తున్నారు. కొన్నేళ్ల కిందటి వరకు 'పెద్దవాళ్ల బట్టలు' అనిపించుకున్నవే ఇవన్నీ.

అయితే పాత డిజైన్‌కు ఆదరణ పెరిగినంత మాత్రాన, దాన్ని చేత్తో తయారుచేసే పనికి కూడా గిరాకీ పెరిగినట్టు కాదు. ఈ తేడాను అర్థం చేసుకోవాలంటే ఈ బట్టలు ఎందుకు మూలపడ్డాయో, మళ్లీ ఎలా వచ్చాయో చూడాలి.

ఎందుకు మూలపడ్డాయి?

1970, 80 దశకాల్లో పాలిస్టర్ చీరలు దేశమంతా వ్యాపించాయి. వాటికి గంజి అక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు, ధరా తక్కువ. ఆ తర్వాత చుడీదార్లు, 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత జీన్స్, రెడీమేడ్ దుస్తులు రోజువారీ వాడకంలోకి వచ్చాయి. నగరాల్లో చాలామంది యువతులకు చీర పెళ్లిళ్లకు, పండగలకు పరిమితమైపోయింది.

మళ్లీ ఎలా వచ్చాయి?

2015లో బెంగళూరుకు చెందిన ఇద్దరు మహిళలు 'హండ్రెడ్ శారీ ప్యాక్ట్' మొదలుపెట్టారు. ఏడాదిలో వంద సార్లు చీర కట్టుకోవడం, ఆ చీర వెనకున్న జ్ఞాపకాన్ని సోషల్ మీడియాలో రాయడం దీని ఉద్దేశం. కేంద్ర ప్రభుత్వం ఆగస్టు 7ను జాతీయ చేనేత దినోత్సవంగా జరపడం కూడా అదే ఏడాది మొదలైంది. 1905లో అదే రోజున కలకత్తా టౌన్ హాల్‌లో స్వదేశీ ఉద్యమానికి పిలుపునిచ్చారు. 2023లో లండన్ డిజైన్ మ్యూజియం 'ది ఆఫ్‌బీట్ శారీ' పేరుతో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది.

చొక్కా మీద చీరేమిటని పెద్దవాళ్లు విసుక్కోవచ్చు. కానీ ఇప్పుడు మనం సంప్రదాయం అనుకునే కట్టు కూడా ఒకప్పటి మార్పుల ఫలితమే. 1860ల్లో సత్యేంద్రనాథ్ ఠాగూర్ భార్య జ్ఞానదానందినీ దేవి బొంబాయిలో పార్సీ మహిళల కట్టు చూసి, రవిక, లోపావడాతో చీర కట్టే పద్ధతిని బెంగాల్‌కు తీసుకెళ్లారు. బ్రహ్మసమాజ మహిళలు దాన్ని అనుసరించడంతో ఆ కట్టుకు 'బ్రాహ్మిక' అనే పేరొచ్చింది.

అజ్రఖ్ ఎలా నిలబడింది?

గుజరాత్‌లోని కచ్, పాకిస్తాన్‌లోని సింధ్ ప్రాంతాలు రెండింటిదీ అజ్రఖ్ అద్దకం. కచ్‌లో పశువుల కాపరులు దీన్ని లుంగీగా, తలపాగాగా వాడేవారు. చవక సింథటిక్ బట్టలు రావడంతో స్థానికంగా కొనేవారు తగ్గారు. ధమడ్కా గ్రామానికి చెందిన మహమ్మద్ సిద్దిక్ ఖత్రీ 1970ల్లో నీలిమందు, మంజిష్ఠ, కరక్కాయ వంటి సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చారు.

2001 జనవరి 26 భూకంపం ధమడ్కాను దెబ్బతీసింది. అక్కడి నీటిలో ఇనుము శాతం మారి రంగులు సరిగా తేలలేదు. దాంతో కొన్ని ఖత్రీ కుటుంబాలు భుజ్ సమీపంలో అజ్రఖ్‌పూర్ అనే కొత్త ఊరు కట్టుకున్నాయి. 2024లో 'కచ్ అజ్రఖ్'కు భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. అయినా స్క్రీన్ ప్రింటింగ్‌తో చేసిన నకళ్లు అదే పేరుతో అమ్ముడవుతూనే ఉన్నాయి.

పేరు కోసం రెండు దేశాల పోటీ

బంగ్లాదేశ్ జాందానీ నేతను యునెస్కో 2013లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. బ్రిటిష్ పాలనలో కనుమరుగైన ఢాకా మస్లిన్‌ను తిరిగి నేసే ప్రయత్నాలు జరిగాయి. దానికి ఆ దేశం 2020లో జీఐ ఇచ్చింది. 2024 జనవరిలో 'టాంగాయిల్ శారీ ఆఫ్ బెంగాల్'కు భారత్‌లో జీఐ రావడంతో బంగ్లాదేశ్ అభ్యంతరం చెప్పింది, తర్వాతి నెలలోనే తానూ గుర్తింపు ఇచ్చుకుంది. టాంగాయిల్ ఊరు బంగ్లాదేశ్‌లో ఉంది. దేశ విభజన తర్వాత అక్కడి నుంచి వచ్చిన బసాక్ నేతకారులు నదియా, పూర్వ వర్ధమాన్ జిల్లాల్లో అదే చీర నేస్తున్నారు.

నేతకారులకు దక్కుతున్నదెంత?

నాలుగో చేనేత గణన (2019-20) ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ పనివారు 35.22 లక్షల మంది. 1995 నాటి లెక్కల్లో ఈ సంఖ్య సుమారు 65 లక్షలు, 2009-10లో 43.31 లక్షలు. నేత కుటుంబాల్లో దాదాపు మూడింట రెండొంతులు నెలకు రూ. 5,000 లోపు ఆదాయంతోనే గడుపుతున్నట్టు 2019-20 గణన తేల్చింది.

పోచంపల్లి ఇక్కత్ ఇందుకు మంచి ఉదాహరణ. నేయక ముందే నూలుకు చిటికి కట్టి రంగులు అద్దుతారు. అంతకంటే ముందు ఆసు పోయాలి. ఒక్కో చీరకు చేతిని వేల సార్లు అటూ ఇటూ తిప్పాల్సిన ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఇంత శ్రమతో వచ్చే డిజైన్‌ను మిల్లు బట్ట మీద ప్రింటు వేస్తే గంటల్లో పని అయిపోతుంది. జీఐ 'పోచంపల్లి' అనే పేరును కాపాడుతుంది. అదే డిజైన్ 'ఇక్కత్ ప్రింట్' పేరుతో దుకాణాల్లో బాహాటంగానే దొరుకుతుంది. చీరతో సహా 11 రకాల వస్త్రాలను నిర్దిష్ట నేత లక్షణాలతో చేనేతకే కేటాయించిన 1985 చట్టం ఉన్నా, మరమగ్గాల నకళ్లపై ఫిర్యాదులు ఆగలేదు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

• అసలైన ఇక్కత్‌లో డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, అంచులు కొద్దిగా చెదిరినట్టు కనిపిస్తాయి. ప్రింటు అయితే సాధారణంగా వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది.

• చేత్తో నేసిన జాందానీలో బుటాల వెనక కత్తిరించిన దారపు కొసలు గుత్తులుగా ఉండవు.

• నేసేటప్పుడు బట్ట వెడల్పు తగ్గకుండా బిగించే కర్ర సూదుల గుర్తులు చేనేత చీర అంచుల్లో చాలాసార్లు కనిపిస్తాయి.

• 2006 నుంచి అమల్లో ఉన్న 'హ్యాండ్లూమ్ మార్క్' లేబుల్ ఉందేమో చూడాలి. వీలైతే సహకార సంఘాల వద్ద, నేసినవారి వద్ద నేరుగా కొంటే మధ్యవర్తుల వాటా తగ్గుతుంది.

బీరువాలోని పాత చీరను మళ్లీ కట్టుకోవడానికి డబ్బు ఖర్చు కాదు, అది మంచి అలవాటే. కొత్తది కొనేటప్పుడే అది ప్రింటా, నేతా అన్న ప్రశ్న వస్తుంది. పాత చీరలు కట్టుకునే యువతరం తయారైంది. మగ్గం మీద కూర్చునే యువతరం కావాలంటే నేత కూలి ఇల్లు గడిచేంతగా ఉండాలి.