చెత్తకు చోటు, ఊరికి చాటింపు

తెలుగు పల్లెలో చెత్త ఎక్కడ వేయాలన్నది చాలాకాలం ఊరంతటికీ చెప్పవలసిన సంగతే కాదు. పేడ, బూడిద, ఊడ్చిన తుక్కు కలిసి ఊరి చివర పెంటకుప్పగా మారి, వేసవిలో బండ్ల మీద పొలానికి చేరి ఎరువయ్యేవి, ఎవరి కుప్ప వారిదిగానే ఉండేది. ఒక చోటి చెత్త మరొక చోటి జనం పక్కకు వచ్చి శాశ్వతంగా తిష్ఠవేసే ఏర్పాటు నగరాలతో వచ్చింది. ఆ సంగతి ముందుగా ఎవరికి తెలపాలి, ఎలా తెలపాలి అన్న ప్రశ్న దానితోనే పుట్టింది.

సర్కారు మాటను ఊరికి చేరవేసిన పాత సాధనం చాటింపు. డప్పు, టముకు, దండోరా అని ప్రాంతాన్నిబట్టి పేరు మారినా పద్ధతి ఒకటే: చావడి దగ్గర మొదలై, వీధి మలుపుల్లో ఆగుతూ, దరువు వేసి ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చెప్పడం. ఆ పని ఎక్కువగా వెట్టి, అంటే కూలి లేని నిర్బంధ సేవ కింద దళిత కులాలవారి మీదే పడేది. చాటింపు వినడానికే గాని బదులివ్వడానికి కాదు.

1894 నాటి భూసేకరణ చట్టం ఈ ఏకపక్ష పద్ధతికే కాగితపు రూపమిచ్చింది. 2013 దాకా అమల్లో ఉన్న ఆ చట్టం 4వ సెక్షన్ ప్రకారం సేకరణ ఉద్దేశాన్ని గెజెట్‌లో ప్రకటించి, దాని సారాంశాన్ని ఆ ప్రాంతంలో అనువైన చోట్ల తెలియజేయాల్సి ఉండేది. 1923లో చేరిన 5ఎ సెక్షన్ అభ్యంతరం చెప్పే వీలు కల్పించినా, అది ఆ భూమిలో హితం గలవారికే, అంటే పరిహారం కోరగలిగే హక్కుదారులకే పరిమితమై ఉండేది. రెండు దినపత్రికల్లో, వాటిలో ఒకటైనా ప్రాంతీయ భాషలో ప్రకటన రావాలన్న నియమం 1984లో గాని చేరలేదు.

అయితే చెత్త విషయంలో ఈ చట్టంలోని అసలు లొసుగు వేరే ఉండేది. నగర పాలకులు చెత్త కోసం తరచుగా వెదికినది పట్టా పొలాన్ని కాదు, పోరంబోకును, అంటే శిస్తు లెక్కకు ఎక్కని ప్రభుత్వ నేలను. ప్రభుత్వం తన నేలను తానే సేకరించనక్కరలేదు కనుక 4వ సెక్షన్ ప్రకటనా అక్కరలేకపోయేది. అక్కడ పశువులను మేపుకునేవారికీ, దిగువన బావి నీళ్లు తోడుకునేవారికీ ఆ నేల మీద పట్టా ఉండదు కనుక వారు హితం గలవారి లెక్కలోకి వచ్చేవారు కాదు. అలాంటి ఊళ్లో తొలి లారీయే చాటింపు.

అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం దరిమిలా వెలువడిన 2000 నాటి పురపాలక ఘన వ్యర్థాల నియమాలు కుప్పపోసే దిబ్బకూ, శాస్త్రీయంగా పూడ్చే ల్యాండ్‌ఫిల్‌కూ తేడా చూపాయి. ల్యాండ్‌ఫిల్ అడుగున 90 సెంటీమీటర్ల మందాన బంకమట్టి పరచి, దానిపై 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర వేసి, లీచేట్‌ను, అంటే చెత్తలోంచి ఊరే మురికి రసాన్ని భూగర్భ జలంలోకి ఇంకకుండా పట్టాలని అవి నిర్దేశించాయి. జనం నోట మాత్రం విశాఖపట్నం చెత్త చేరే కాపులుప్పాడ అయినా, హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ అయినా డంపింగ్ యార్డే. కాగితం మీది పొరల కంటే ముక్కుకు తగిలే వాసనను నమ్మడంలో తప్పేమీ లేదు.

పొరుగువారికి నోరు తెరిచే హక్కు వచ్చినది పర్యావరణ చట్టం దారిలో. 1994 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటనకు 1997లో ప్రజాభిప్రాయ సేకరణ తోడయింది; 2006 ప్రకటన ఉమ్మడి పురపాలక వ్యర్థాల కేంద్రాలను తన జాబితాలో చేర్చి, సభకు ముందు కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలనీ, మదింపు నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఉండాలనీ, సభ ముగిసేముందు నమోదైన అభిప్రాయాలను ఆ భాషలోనే చదివి వినిపించాలనీ నిర్దేశించింది. ఇక్కడ హాజరుకు పట్టా అడగరు. కాని సభకు కోరం, అంటే ఇందరు రావాలన్న కనీస సంఖ్య కూడా లేదు. కబురు అందక ఊరు రాకపోయినా సభ జరిగినట్టే లెక్క. అందువల్ల కబురు పంపే పద్ధతి మీదే భారమంతా పడుతుంది. 2009 సవరణ ఆ సంగతి గుర్తించినట్టే ఉంది: పత్రికలు చేరని చోట రేడియో, టెలివిజన్‌లతో పాటు డప్పు చాటింపు కూడా వేయించాలని అది పేరుపెట్టి చెప్పింది.