గుమ్మంలోకొచ్చిన ముసలివాడు

ఇటు జరగండర్రా, ఆ కట్టెలు మంటలోకి ఎగదోసి కూర్చోండి. రాజుల కథ అడిగారు కదా, పోలండు దేశంలో రాజుల కథ కూడా గుమ్మంలోకొచ్చినవాళ్ళతోనే మొదలవుతుంది.

గ్నియెజ్నోలో పోపియెల్ అని ఒక దొర. ఇద్దరు కొడుకులకీ జుట్టు తీయించే వేడుక, మన పుట్టువెంట్రుకల్లాంటిదే, ఘనంగా చేస్తున్నాడు. ఇద్దరు బాటసారులొస్తే వాకిట్లోంచే తరిమేశారు. వాళ్ళు పియాస్త్ అనే రైతు గుడిసెకి వెళ్ళారు. అక్కడా కొడుక్కి అదే వేడుక. ఉన్నదల్లా కాస్త బీరు, ఒక పందిపిల్ల. "ఉన్నదే తిందాం, రండి" అన్నాడు. ఎంత పోసినా బీరు తరగలేదు. ఆ ఒక్క పందిపిల్ల మాంసంతో పది తొట్లు నిండాయట! పోపియెల్ వంశం పోయింది, పియాస్త్ కొడుకు దొరయ్యాడు. ఆ వంశపు రాజులు 1370 దాకా ఏలారు. పియాస్త్ ఇంటి విందు కథని 900 ఏళ్ళ కిందటే గాలుస్ అనే చరిత్రకారుడు రాసిపెట్టాడు.

అందుకే ఆ దేశపు కథల్లో చిరుగుల కోటు, చేతికర్ర, భుజాన సంచి కనిపిస్తే ఇంటివాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఏసుప్రభువే పేతురుని వెంటబెట్టుకుని ఆ వేషంలో తిరుగుతున్నాడేమో!

వార్సాలో ఇంకో కథ. ఓస్త్రోగ్‌స్కీ కోట కింద నేలమాళిగలో ఒక బంగారు బాతు; అది శాపం తగిలిన రాజకుమారి. చెప్పులు కుట్టే కుర్రాడికి 100 బంగారు నాణేలిచ్చి, "ఒక్క రోజులో అన్నీ నీకోసమే ఖర్చు పెట్టాలి, ఇంకొకరికి చిల్లిగవ్వ ఇచ్చినా అంతా పోతుంది" అంది. మంచి బట్టలు, విందు, వినోదం అయ్యాయి. రాత్రికి చేతిలో కాస్త మిగిలింది. దారిపక్కన అడుక్కుంటున్న ముసలి సిపాయి చెయ్యి చాపితే, కుర్రాడు ఇచ్చేశాడు. సంపదంతా మాయం! అయితేనేం, వాడు కష్టపడి పనిచేసి, పెళ్ళి చేసుకుని హాయిగా బతికాడు.

కథల సంగతలా ఉంచండి. తూర్పు పల్లెల్లో పెద్దల పండక్కి రొట్టెలు కాల్చి, చర్చి వాకిట కూర్చున్న బిచ్చగాళ్ళకి ఇచ్చేవాళ్ళు. ఇస్తూ పోయినవాళ్ళ పేర్లు చెప్పేవాళ్ళు: మా నాయన, మా అత్త, మా చిన్నది. రొట్టె తీసుకున్న బిచ్చగాడు ఒక్కో పేరూ పలికి ప్రార్థన చదవాలి. ఆ రొట్టె వాడికి కూలి కింద లెక్క.

ఇంకో పనీ వాళ్ళదే. చేత్తో పిడి తిప్పితే మోగే లీరా పట్టుకుని, జాతరలకీ చెన్‌స్తొహోవా యాత్రకీ తిరుగుతూ ఊరూరా పాటలూ కథలూ వినిపించేవాళ్ళు. కసిరిన షావుకారు కథలో ఎందుకు చెడతాడో, రొట్టె పెట్టిన పేదరాలి గాదె ఎందుకు నిండుతుందో ఇప్పుడు తెలిసిందా? చెప్పేవాడికి ఆ రాత్రి భోజనం కావాలి కదర్రా!