రక్తంలో ఇన్‌ఫెక్షన్ - సత్వర పరీక్షలతో సరైన చికిత్స

రోగకారక బాక్టీరియా రక్తప్రవాహంలో చేరినపుడు ప్రతి గంటా విలువైనదే. సకాలంలో తగిన యాంటీబయాటిక్ అందనిచో సెప్సిస్ ఏర్పడి, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రాణాపాయం సంభవించవచ్చు. ఏ మందుకు ఆ బాక్టీరియా లొంగుతుందో నిర్ధారించవలసింది ప్రయోగశాలయే. ఆ ఫలితం అందే వరకు వైద్యులు అంచనాపై చికిత్స సాగించక తప్పదు.

కల్చర్ పరీక్ష: రోగి రక్తాన్ని పోషక ద్రవం గల సీసాలలో సేకరించి యంత్రంలో ఉంచుతారు. బాక్టీరియా వృద్ధి చెందినచో సాధారణంగా 1-2 రోజులలో తెలుస్తుంది. అది ఏ బాక్టీరియా, ఏ మందుకు లొంగుతుంది అన్నది తేలడానికి పాత పద్ధతిలో మరో రెండు రోజులు పడుతుంది.

నూతన విధానాలు: పెరిగిన బాక్టీరియాను మాల్డి-టాఫ్ యంత్రం నిమిషాలలో గుర్తిస్తుంది. కొన్ని పి.సి.ఆర్. పరీక్షలు మందులకు లొంగని జన్యువులను సుమారు గంటలో పసిగడతాయి. ఐరోపాకు చెందిన యూకాస్ట్ సంస్థ 2018లో ప్రవేశపెట్టిన విధానంలో కల్చర్ సీసాలోని ద్రవాన్ని నేరుగా ప్లేటుపై పరచి, మందు బిళ్లలు అమర్చి, 4, 6, 8 గంటలకే ఫలితం చూస్తారు. ఎంపిక చేసిన బాక్టీరియాలకే ఇది వర్తించినా, మందుల పరీక్షకు ఖరీదైన యంత్రం అవసరం లేకపోవడం దీని ప్రత్యేకత.

ఉయ్యూరు వంటి పట్టణాలలో: విజయవాడ-మచిలీపట్నం రహదారిపై గల ఉయ్యూరుకు ఒకవైపు విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, మరోవైపు 2023లో మచిలీపట్నంలో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నాయి. పరీక్ష ఎంత వేగవంతమైనా, నమూనా ఆలస్యంగా చేరితే ప్రయోజనం తగ్గుతుంది. మొదటి మోతాదుకు ముందే రక్తం సేకరించాలి. అయితే అందుకోసం చికిత్సను జాప్యం చేయరాదు. సేకరించిన సీసాలను ఫ్రిజ్‌లో ఉంచక వెంటనే పంపాలి.

ప్రజల బాధ్యత: మందులకు లొంగని బాక్టీరియా కారణంగా 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది మరణించినట్లు అంచనా. ఈ ముప్పును ఎదుర్కొనేందుకు ఆంధ్రప్రదేశ్ 2022లో రాష్ట్ర కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని పరిశోధన విభాగం నుండే 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. అట్టి అమూల్య ఔషధాల శక్తి తరగకుండా కాపాడుకోవాలంటే వైద్యుని చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ కొనరాదు. జ్వరం తీవ్రమై, చలి, ఆయాసం, మగత కనిపించినచో సొంత వైద్యం మాని తక్షణమే ఆసుపత్రికి చేరాలి.