'గొడ్రాలు' అనే మాట, సంతానలేమి నిర్ధారణ చరిత్ర

రుగాగమ సంధిని బోధించేటప్పుడు పేదరాలు, బీదరాలు వంటి ఉదాహరణల వరుసలో 'గొడ్డురాలు' కూడా వస్తుంది. వాడుకలో అది గొడ్రాలైంది. దీనికి జతగా పురుషుణ్ణి సూచించే మాట తెలుగు వాడుకలో స్థిరపడలేదు. 'నపుంసకుడు' అన్నది సంభోగశక్తికి సంబంధించిన పదం. ఆ శక్తి ఉండి, బీజంలో మాత్రమే లోపం ఉన్న భర్తకు పేరు లేదు. పిల్లలు లేని ఇంట్లో లోపం ఎవరిదన్న ప్రశ్న పుట్టకముందే భాష జవాబు చెప్పేస్తోంది.

ఇది శాస్త్రజ్ఞానం లేకపోవడం వల్ల వచ్చిన పక్షపాతం కాదు. సుశ్రుతసంహిత శారీరస్థానంలోని రెండో అధ్యాయం సంతానోత్పత్తికి పనికిరాని శుక్రదోషాలను ఎనిమిదిగా లెక్కించి, ఆ తర్వాతే ఆర్తవదోషాలకు వెళుతుంది. గర్భధారణకు ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం నాలుగూ కూడాలంటుంది. చరకసంహిత చికిత్సాస్థానం ముప్పయ్యో అధ్యాయానికి పేరు యోనివ్యాపత్తులదే అయినా, శుక్రదోషాల చర్చ కూడా అందులోనే ఉంది. వైద్యుడి దృష్టిలో రోగి ఒకరు కాదు, ఇద్దరు.

ధర్మశాస్త్రం దారి వేరు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం వంధ్య అయిన భార్య ఉండగా ఎనిమిదో ఏట మరొకరిని పెళ్లాడవచ్చని అనుమతిస్తుంది. ఒక విధంగా ఇదీ రోగనిర్ధారణే, కాని పరీక్ష ఒక్కరికే. రెండో భార్యకూ పిల్లలు కలగకపోతే ఏమని తేల్చాలో ఆ శ్లోకం చెప్పదు. సమాజం వైద్యుణ్ణి వదిలి స్మృతికారుణ్ణి అనుసరించిందని నా అభిప్రాయం. హిందువులకు ఈ రెండో పెళ్లి దారిని చట్టం మూసివేసింది 1955లో.

పాశ్చాత్య వైద్యం కూడా ఈ విషయంలో తొందరపడలేదు. డెల్ఫ్ట్ నగరంలో లీవెన్‌హుక్ 1677లోనే సూక్ష్మదర్శినిలో శుక్రకణాలను చూశాడు. సంతానలేమికి కారణం వెతకడంలో వీర్యాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించాలని అమెరికన్ వైద్యుడు మేరియన్ సిమ్స్ గట్టిగా వాదించిన గ్రంథం 1866 నాటిది. (బానిస స్త్రీలపై మత్తుమందు లేకుండా శస్త్రచికిత్సలు చేసినవాడు కూడా ఇతడే, ఆ సంగతి దాచి అతణ్ణి ప్రస్తావించకూడదు.) న్యూయార్క్‌లో మాక్స్ హ్యూనర్ 1913లో స్త్రీపురుషులిద్దరి వంధ్యత్వాన్నీ ఒకే పుస్తకంలో చర్చించాడు. ఫెలోపియన్ నాళాలు తెరచి ఉన్నాయో లేదో గర్భాశయంలోకి వాయువు పంపి తెలుసుకునే రూబిన్ పద్ధతి 1920లో వెలువడింది. వీర్యపరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలి మార్గదర్శక గ్రంథం తెచ్చింది మాత్రం 1980లో.

ఇప్పుడు గడువు ఎనిమిదేళ్లు కాదు, పన్నెండు నెలలు. పరీక్షలు దంపతులిద్దరికీ జరగాలి. వీర్యపరీక్షకు కోత అవసరం లేదు, ఖర్చూ తక్కువే. అయినా భార్యకు లాపరోస్కోపీ దాకా జరిగిపోయి, భర్త ఇంకా నమూనా ఇవ్వని సందర్భాలు మన చుట్టూ ఉన్నాయి.

చికిత్స దగ్గరకు వచ్చేసరికి మరో మెలిక ఉంది. ఒక్క శుక్రకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతితో కలిగిన గర్భధారణలను 1992లో బ్రస్సెల్స్ వైద్యులు ప్రకటించారు. శుక్రకణాలు బాగా తక్కువగా ఉన్న పురుషులకు అది పెద్ద వరం. అయితే ఆ లోపం భర్తదే అయినా, అండాల కోసం రోజుల తరబడి హార్మోన్ సూదులు వేయించుకునేదీ, మత్తులో అండాలు తీయించుకునేదీ భార్యే.